మైనం పట్టేసిన పైపు

గ్యాస్ నుంచి డీజిల్ చేసే రియాక్టర్ తర్వాతి పైపుకి చుట్టిన హీటింగ్ టేప్ రాత్రి ఎప్పుడో ఆగిపోయింది. పొద్దున్నే వెళ్లి చూస్తే ప్రెషర్ ఎక్కుతోంది. అన్నీ ఆపేసి, చల్లారాక పైపు విప్పితే లోపల తెల్లగా కొవ్వొత్తిలా గట్టిపడిన మైనం. నాకు ముందు టెన్షన్, తర్వాత ఒక డౌటు. మనకి కావాల్సింది డీజిల్ కదా, ఇంత మైనం ఎందుకు చేస్తున్నాం?

ఫిషర్-ట్రాప్ష్ చర్యలో సిన్‌గ్యాస్, అంటే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ మిశ్రమం, క్యాటలిస్ట్‌గా, అంటే చర్యని వేగం చేయడానికి, పెట్టిన లోహం మీద చేరి ఒక్కో కార్బన్ చొప్పున గొలుసు కడుతుంది. ప్రతి అడుగులోనూ గొలుసుకి రెండే దారులు: ఇంకో కార్బన్ కలుపుకోవడం, లేదా లోహాన్ని వదిలి పోవడం. కలుపుకునే అవకాశాన్ని ఆల్ఫా అంటారు. డీజిల్‌కి సరిపోయే పదహారో కార్బన్ దగ్గర ఆగిపో అని చెప్పే వీల్లేదు! ఆల్ఫా తగ్గిస్తే మీథేన్ పెరుగుతుంది, సిన్‌గ్యాస్‌ని సహజవాయువు నుంచి చేస్తే, అందులో ఉండేదే మీథేన్, దాంతో మొదలుపెట్టి మళ్లీ మీథేన్ చేయడమంత దండగ పని ఇంకోటి లేదు. అందుకే డీజిల్ కోసమైతే ఆల్ఫాని 0.9 పైన ఉంచుతారు. లెక్క ప్రకారం 0.95 దగ్గర బరువులో 70 శాతం పైగా మైనమే వస్తుంది, దాన్ని తర్వాత హైడ్రోక్రాకింగ్‌లో కావాల్సిన సైజుకి విరగ్గొట్టుకోవచ్చు.

ఇక లోహాలు. నికెల్ ఎక్కువగా మీథేనే ఇస్తుంది. రుథేనియం అన్నిటికంటే చురుకైనది, కానీ ఆ ధరకి టన్నుల కొద్దీ ఎవరు కొంటారు? మిగిలినవి ఇనుము, కోబాల్ట్. 1920ల్లో జర్మనీలోని మ్యూల్‌హైమ్‌లో రసాయన శాస్త్రవేత్తలు ఫిషర్, ట్రాప్ష్ ఈ రెండిటితోనూ పనిచేశారు. బొగ్గు నుంచి వచ్చే సిన్‌గ్యాస్‌లో హైడ్రోజన్ తక్కువ. ఇనుము కార్బన్ మోనాక్సైడ్‌కి నీటితో చర్య జరిపించి, హైడ్రోజన్ పుట్టించి ఆ లోటుని కొంత పూడుస్తుంది. దక్షిణాఫ్రికాలో సాసోల్ కంపెనీ 1955 నుంచి నడిపింది దానితోనే. సహజవాయువుతో అయితే కార్బన్ మోనాక్సైడ్‌కి దాదాపు రెండింతలు హైడ్రోజన్ దొరుకుతుంది కాబట్టి కోబాల్టే నయం. ఖతర్‌లో షెల్ కట్టిన పెర్ల్ ప్లాంటు, రోజుకి 1,40,000 బ్యారెళ్ల సామర్థ్యం ఉన్నది, కోబాల్ట్‌తోనే నడుస్తుంది. గంధకం మాత్రం రెండిటికీ విషమే, అందుకే గ్యాస్‌ని ముందే బాగా శుభ్రం చేస్తారు.

హైడ్రోజన్‌తో సిద్ధం చేసిన కోబాల్ట్ క్యాటలిస్ట్‌కి గాలి తగిలితే దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. అందుకని దాన్ని పంపేటప్పుడు మైనంలో ముంచి పంపుతుంటారు. ఆ రోజు నేను తిట్టుకుంటూ గీకి తీసింది కూడా అలాంటి మైనమే.