మీరూ ఒక సంతకం పెట్టండి సార్

భోగికి ముందు రోజు అటక సర్దుతుంటే పాత దుప్పట్ల మూట కింద మూడు లాంగ్ రిజిస్టర్లు దొరికాయి. చూడగానే గుర్తుపట్టాను. వైజాగ్ ద్వారకా నగర్‌లో నేను 2009 నుంచి మూడేళ్ళు కౌంటర్లో కూర్చున్న నెట్ సెంటర్‌వి అవి. షాపు ఎత్తేసినప్పుడు ఓనరు గారు "ఎవరైనా అడిగితే చూపించాలి కదా, నీ దగ్గరుంచు" అని నా చేతిలో పెట్టారు. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు, నేనూ మర్చిపోయాను.

కాలమ్స్ అన్నీ స్కేలు పెట్టి నేనే గీశాను. వరస నంబరు, పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఏం ఐడీ చూపించారు, సిస్టం నంబరు, వచ్చిన టైం, వెళ్ళిన టైం, చివర్లో సంతకం. 2011లో కేంద్ర ప్రభుత్వం సైబర్ కేఫ్‌ల కోసం రూల్స్ తెచ్చాక ఇంకాస్త గట్టిగా రాయాల్సి వచ్చింది. ఏడాది పాటు రికార్డు దాచాలి, ఫోటో ఉన్న గుర్తింపు కార్డు చూడాలి, క్యాబిన్ల మధ్య అడ్డు చెక్క నాలుగున్నర అడుగులకు మించకూడదు. ఆ చెక్కలు కోయించడానికి వడ్రంగిని పిలిచిన రోజు షాపంతా రంపపు పొట్టు, సీపీయూల్లో దూరిన ఆ పొట్టు ఊదుకోవడానికే వారం పట్టింది నాకు.

ఆ కౌంటర్లో కూర్చుని నేనొకటి నేర్చుకున్నాను. ఎవరి స్క్రీనూ నాకు కనపడేది కాదు. ఎవరు ఏం చదివారో, ఏం టైప్ చేశారో నాకు తెలీదు. కానీ ఆరో నంబరు సిస్టం దగ్గర రోజూ మూడున్నరకి ఒక కుర్రాడు, ఏడో నంబరు దగ్గర మూడు నలభైకి ఒకమ్మాయి, ఇద్దరూ నాలుగున్నరకి ఐదు నిమిషాల తేడాతో వెళ్ళిపోవడం, ఇదంతా నా రిజిస్టర్లో ఉండేది, వాళ్ళ ఇళ్ళల్లో తెలియడానికి నాలుగు నెలల ముందు నాకు తెలుసు. పొద్దున్నే నీటుగా టక్ చేసుకుని వచ్చి మధ్యాహ్నం దాకా కూర్చునే ఒకాయన ఉండేవారు. నెల రోజులు వరసగా వచ్చాక అర్థమైంది, ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పలేదని. ఆయన నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. పేరు, టైం, సిస్టం నంబరు, ఇంతే, ఇవి చాలు.

అందుకే ఆ రాత్రి మా బావ "నీ వాట్సాప్ చదవడానికి ఎవుడికి ఖాళీ ఉందిరా" అన్నప్పుడు నవ్వొచ్చింది. బావ డాక్‌యార్డులో పనిచేస్తాడు, పండక్కి అక్కనీ పిల్లల్నీ తీసుకుని మా ఇంటికొచ్చాడు. చదవక్కర్లేదు బావా, రిజిస్టరు చాలు అన్నాను. వాట్సాప్‌లో మెసేజీలు 2016 నుంచి ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తున్నాయి, మధ్యలో ఎవరూ చదవలేరన్నది నిజమే. కానీ నా నెట్ కంపెనీ దగ్గర వేరే పుస్తకం ఉంటుంది, ఏ నంబరు ఏ టైములో ఏ ఐపీ అడ్రసుకి కనెక్ట్ అయిందో అందులో పడుతుంది. కాల్ రికార్డుల్లాగే దీన్నీ 2021 డిసెంబర్ నుంచి కనీసం రెండేళ్ళు దాచాలని లైసెన్సు షరతు, అంతకుముందు ఏడాది ఉండేది. పోనీ మనం ఎక్కడికి కనెక్ట్ అవుతున్నామో నెట్ కంపెనీకి కనపడకుండా దాచే వీపీఎన్ పెట్టుకుందామంటే, 2022 ఏప్రిల్‌లో కేంద్రం సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశం ప్రకారం వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల వివరాలు ఐదేళ్ళు ఉంచాలి. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, నార్డ్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్ లాంటివి ఆ షరతు మాకొద్దని సర్వర్లు ఇక్కణ్ణుంచి తీసేశాయి. నేను గీసిన కాలమ్సే ఇవన్నీ, కాకపోతే ఇక్కడ సంతకం కాలమ్ లేదు, రాస్తున్నట్టు రాయించుకునేవాడికి తెలీదు.

"ఏట్రా నీ గోల, మనకేటుంది దాచుకోడానికి?" అన్నాడు బావ. తర్వాత కొంచెం సీరియస్ అయ్యి 2019 సంగతి ఎత్తాడు. ఎత్తాల్సిందే, వైజాగ్‌లో ఉంటూ అది మర్చిపోతే ఎలా. ఆ డిసెంబర్‌లో ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్ అని పేరు పెట్టి, గూఢచర్యం కేసులో ఏడుగురు నేవీ వాళ్ళని పట్టుకున్నారు. ఫేస్‌బుక్‌లో ఆడవాళ్ళ పేరుతో పరిచయాలు పెంచుకుని ఓడల కదలికలు లాగారన్నది ఆరోపణ. ఆ నెలలోనే నేవీ బేసుల్లో, ఓడల్లో స్మార్ట్‌ఫోన్లు, ఫేస్‌బుక్ నిషేధించింది. "ఎవుడో ఒకడు చూస్తున్నాడు కాబట్టే అది దొరికింది" అన్నాడు. నేను కాదనలేదు. ఎవరూ ఎవర్నీ చూడకూడదని నేననడం లేదు. నేవీ స్థావరాల పక్కనే ఉండే మల్కాపురం, సింధియా వైపు పెరిగినవాడికి ఫోటోలు తీయరాదు అన్న బోర్డు కొత్త కాదు, ఆ బోర్డు మీద నాకు కోపమూ లేదు. బోర్డు కనీసం కనపడుతుంది కదా.

మా ఓనరు గారి గురించి ఇక్కడ చెప్పాలి. పోర్టులో గుమాస్తాగా చేసి ముందే రిటైర్మెంట్ తీసుకున్న మనిషి ఆయన, రిజిస్టరంటే ఆయనకి దేవుడి పటంతో సమానం. గేటు దగ్గర బయటికెళ్ళేవాడూ సంతకం పెట్టాలి, పంపించేవాడూ పెట్టాలి అని అస్తమానం చెప్పేవారు. ఒకసారి స్టేషన్ నుంచి కానిస్టేబుల్ వచ్చి, ఫలానా వారం పేజీలు చూడాలన్నాడు. ఓనరు గారు కుర్చీ వేసి, టీ తెప్పించి, పేజీలు తీసి చూపించారు. ఆయన చూసుకుని లేచేటప్పుడు రిజిస్టరు తిప్పి పెన్ను ఇచ్చి, "మీరూ ఒక సంతకం పెట్టండి సార్, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చూశారో రాసి" అన్నారు. నా గుండె ఆగినంత పనైంది. కానిస్టేబుల్ ఒక క్షణం చూశాడు, నవ్వాడు, పెట్టాడు. పేరు, తేదీ, టైం 11.20.

నాకు కావలసింది అదొక్కటే, ఇంకేమీ లేదు.

మన దగ్గర ఫోన్ వినడానికి 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలో సెక్షన్ 5(2) ఉండేది. పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996లో, హోం సెక్రటరీ స్థాయిలో ఆదేశం ఉండాలి, ఒక రివ్యూ కమిటీ వాటిని చూడాలి అని పద్ధతి పెట్టింది. ఇంటర్నెట్‌కి ఐటీ చట్టం సెక్షన్ 69. దాని కింద నిఘా పెట్టే అధికారమున్న పది సంస్థల పేర్లు 2018 డిసెంబర్‌లో కేంద్ర హోం శాఖ ప్రకటించింది. అడిగేది ప్రభుత్వం, సంతకం పెట్టేది ప్రభుత్వం, మళ్ళీ సరిగ్గా పెట్టారో లేదో చూసే కమిటీలో కూర్చునేదీ ప్రభుత్వ కార్యదర్శులే. జడ్జి ఎక్కడా తగలడు. సమాచార హక్కు కింద బయటికొచ్చిన లెక్క ప్రకారం, ఒక దశలో కేంద్రం ఒక్కటే నెలకు 7,500 నుంచి 9,000 దాకా ఫోన్లు వినే ఆదేశాలు ఇచ్చేది. డేటా రక్షణ చట్టం కోసం వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ కూడా 2018 రిపోర్టులో దీన్ని ఎత్తి, రెండు నెలలకొకసారి కూర్చునే రివ్యూ కమిటీ ఒక్క సమావేశంలో 15,000 నుంచి 18,000 ఆదేశాలు చూడాల్సి వస్తుందని రాసింది. నేను కాగితం మీద లెక్క వేసి బావకి చూపించాను. నెలకు 9,000 అంటే రోజుకు 300. హోం సెక్రటరీ ఆదివారం కూడా మానకుండా, ఇంకే పనీ ముట్టుకోకుండా పది గంటలు కూర్చుంటే ఫైలుకి రెండు నిమిషాలు. రేషన్ కార్డులో పేరు మార్చడానికి మా అమ్మ కాగితాలు చూసినాయన అంతకంటే ఎక్కువసేపు చూశాడు.

ఆ రెండు నిమిషాల్లో పొరపాటున నా నంబరు పడిందనుకోండి. నాకెలా తెలుస్తుంది? తెలీదు, ఎప్పటికీ. బాంబే హైకోర్టు 2019 అక్టోబర్‌లో ఒక వ్యాపారి ఫోను విన్న మూడు ఆదేశాలను కొట్టేసి, ఆ రికార్డింగులు నాశనం చేయమంది, ప్రైవసీ ప్రాథమిక హక్కు అన్న 2017 సుప్రీంకోర్టు తీర్పుని చూపించే. ఆయనకి తెలిసింది ఎందుకంటే ఆయన మీద కేసు పెట్టి ఆ రికార్డింగుల్ని సాక్ష్యంగా తెచ్చారు కాబట్టి. చివరికి ఏ కేసూ లేని అమాయకుడికి తెలిసే దారే లేదు, ఇది ఎంత తలకిందుల వ్యవహారమో చూడండి. అమెరికాలో మామూలు నేరాల కేసుల్లో ఫోను వినాలంటే జడ్జి అనుమతి కావాలి, అయిపోయాక 90 రోజుల్లోపు ఆ మనిషికి నోటీసు పంపాలి, జడ్జి వాయిదా వేస్తే తప్ప. అలాగని వాళ్ళేదో మహానుభావులని కాదు, ముందు గుమ్మానికి తాళం వేసి పెరటి తలుపు బార్లా తెరిచి పెట్టారని అక్కడి నిఘా సంస్థకి పనిచేసిన స్నోడెన్ 2013లో బయటపెట్టాడు కదా.

ఇక పక్క రాష్ట్రం సంగతి. 2024 మార్చిలో తెలంగాణలో ఫోన్ ట్యాపింగ్ కేసు మొదలైంది దేనితో? విన్నందుకు కాదు, విన్న వివరాలున్న హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్న ఫిర్యాదుతో. చూసినవాళ్ళే రిజిస్టరు చించేశారన్నది ఆరోపణ. మా ఓనరు గారు ఉంటే ఏమనేవారో.

మన వైపు ఇంకో రకం. 2018 ఏప్రిల్‌లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.34 లక్షల మంది ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, కులం, మతం అన్నీ ఎవరైనా చూసేలా పడి ఉన్నాయని పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టాడు. ఇది నిఘా కూడా కాదు, రిజిస్టరు రోడ్డు మీద వదిలేసి టీకెళ్ళడం.

దాచుకోడానికేముంది అన్న మాటకి నా సొంత సమాధానం ఒకటుంది, బావకి ఆ రాత్రే మొదటిసారి చెప్పాను. 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ గ్యాస్ వచ్చినప్పుడు మేం గోపాలపట్నంలోనే ఉన్నాం. తెల్లవారుజామున తడిగుడ్డ ముక్కుకి కట్టి అమ్మని బండి మీద ఎక్కించుకుని సింహాచలం వైపు పోయాను. పన్నెండు మంది పోయారు. వారం తర్వాత రాత్రి కూర్చుని ఫేస్‌బుక్‌లో పెద్ద పోస్టు రాశాను, తిట్లేమీ లేవు, అన్నీ ప్రశ్నలే, సైరన్ ఎందుకు మోగలేదు లాంటివి. ఆ నెలలోనే అదే ప్రమాదం గురించి పోస్టు పెట్టిన ఒక పెద్దావిడ మీద సీఐడీ కేసు పెట్టిందని వార్త చదివాను. నా పోస్టుకి నలభై లైకులు కూడా లేవు. ఎవరూ నాకు ఫోన్ చెయ్యలేదు, ఎవరూ ఇంటికి రాలేదు. అయినా లేచి వెళ్ళి తీసేశాను. అప్పట్నుంచి ఏదైనా రాసేటప్పుడు వెనక ఎవరో నిలబడి చదువుతున్నట్టే ఉంటుంది, అక్కడ ఎవరూ లేకపోవచ్చు కూడా, లేరని తెలిసే మార్గం లేదు కదా, అదీ బాధ. బావ ఏమీ అనలేదు. "ఆ పోస్టు మళ్ళీ రాయలేకపోయావా?" అని మాత్రం అడిగాడు. రాయలేదు.

మొన్న 2025 అక్టోబర్ 14న గూగుల్ మన ఊళ్ళో డేటా సెంటర్ కోసం ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించాక ఊరంతా అది రాబోయే తార్లువాడ భూముల రేట్ల గురించే మాట్లాడుతోంది. నాకు మాత్రం అందులో సముద్రం కింద కేబుళ్ళు వైజాగ్ ఒడ్డున తేలతాయన్న ముక్క దగ్గర ఆగిపోయింది. ఇప్పటిదాకా అది ఎక్కువగా ముంబై, చెన్నైల వ్యవహారం. బ్రిటన్ గూఢచారి సంస్థ సముద్రపు కేబుళ్ళకే చెవి పెట్టి వినేదని స్నోడెన్ కాగితాల్లోనే ఉంది, దానికి టెంపొరా అని పేరు. ఇక్కడ అంత కష్టం అక్కర్లేదు, నిఘా సంస్థలు అడిగితే సదుపాయం చేసి పెట్టాలని టెలికాం లైసెన్సు షరతుల్లోనే ఉంటుంది. ఉద్యోగాలు వస్తే సంతోషమే, మా మేనల్లుడు కూడా బీటెక్ మూడో ఏడు. ఆ తీగ ఒడ్డెక్కే చోట ఎవరైనా సంతకం పెట్టాల్సిన పుస్తకం ఒకటి ఉంటుందా అని అడిగేవాడు ఒక్కడూ కనపడలేదు.

అడిగితే పనవుతుందా అంటే, అప్పుడప్పుడూ అవుతుంది. 2025 నవంబర్ చివర్లో ప్రతి కొత్త ఫోన్లో ప్రభుత్వ యాప్ సంచార్ సాథీ ముందే వేసి అమ్మాలని టెలికాం శాఖ కంపెనీలకు ఆదేశమిచ్చింది. విషయం బయటికొచ్చాక గోల గోల అయింది, డిసెంబర్ 3న వెనక్కి తీసుకున్నారు. ఆ యాప్ నేను వాడాను, పోయిన ఫోన్ బ్లాక్ చేయడానికి బాగానే ఉంది. నేను వేసుకోవడం వేరు, వేసి ఇవ్వడం వేరు.

సరే, రిజిస్టర్లు. పాత పేపర్ల బండికి వేద్దామా అంది మా ఆవిడ. ఆ పేజీల్లో కొన్ని వందల మంది ఫోన్ నంబర్లున్నాయి, చాలామంది ఇప్పటికీ అవే వాడుతుండొచ్చు. ఆర్కే బీచ్‌లో ఎవరో పల్లీలు తింటూ పొట్లం విప్పి ఆరో నంబరు కుర్రాడి పేరు చదవడం ఊహించుకుంటే ఒళ్ళు జలదరించింది. ఏడాది దాచమన్న రికార్డుని ఇన్నేళ్ళు దాచినవాణ్ణి నేను, ప్రభుత్వాన్ని అని లాభమేంటి.

తెల్లవారుజామున వీధి చివర భోగి మంట వేశారు. మేనకోడళ్ళు పిడకల దండ వేశాక నేను వెళ్ళి రిజిస్టర్లు ఒక్కోటీ చించి వేశాను. అట్టలు కాలడానికి చాలాసేపు పట్టింది. బావ కర్రతో ఎగదోస్తూ "అదేటి, ఆ కాగితం జేబులో పెట్టావు?" అన్నాడు.

కానిస్టేబుల్ సంతకం పెట్టిన పేజీ. మీద ఉన్న పేర్ల వరసలు కత్తిరించి మంటలో పడేశాను, కింది ముక్క మాత్రం ఉంచుకున్నాను. టైం 11.20.