కొండ కింద ఊరు: పాత పత్రికల్లో, బిల్లుల్లో, శుభలేఖల్లో

పాత పత్రికల్లో తిరుపతి ఊరి కోసం వెతికేవాళ్లకు మొదటి చిక్కు ఊరి పేరుతోనే వస్తుంది. "తిరుపతి" అని మొదలయ్యే వార్త తీసి చూస్తే అది చాలాసార్లు కొండమీది సంగతే అయ్యుంటుంది. బ్రహ్మోత్సవం, దేవస్థానం వ్యాజ్యం, ఎవరో పెద్దమనిషి దర్శనం. గోవిందరాజస్వామి గుడి చుట్టూ పెరిగిన అసలు ఊరు, అంటే తీర్థకట్ట వీధి, బేరి వీధి, బండ్ల వీధి, కర్నాల వీధి, గాంధీ రోడ్డు, వార్తల్లో ఎప్పుడో గానీ కనబడదు. ప్రకటనల్లో మాత్రం కావలసినంత దొరుకుతుంది. బట్టలంగడి, వైద్యశాల, పాత్రల వ్యాపారం, అచ్చుకూటం, సినిమాహాలు, అన్నీ తమ వీధి పేరుతో సహా అక్కడ ఉంటాయి. అందుకని ఈ ఊరి చరిత్ర కావాలంటే శీర్షికలు దాటేసి ముందు ప్రకటనల మీదికి పోవాలి.

ఎక్కడ వెతకాలో తెలియాలంటే ఊరు ఏ కాలంలో ఎవరి కింద ఉందో గుర్తుంచుకోవాలి. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు తిరుపతి ఉత్తర ఆర్కాటు జిల్లాలోది. 1886లో పుట్టిన మునిసిపాలిటీ మొదటి పాతికేళ్ల సంగతులు "చిత్తూరు జిల్లా" అని వెతికితే దొరకవు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా పాలన మద్రాసు నుంచే జరిగింది కాబట్టి, ఆ కాలపు ప్రభుత్వ కాగితాలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్, పత్రికలకు అదే ఊళ్లోని కన్నెమరా గ్రంథాలయం ముఖ్యం. ఇంగ్లీషు కాగితాల్లో ఊరి పేరు త్రిపతి, త్రిపెట్టి అని కూడా పడింది. ఇంగ్లీషు అక్షరాల్లో అలాంటి నాలుగైదు రూపాలు రాసి పెట్టుకుని ఒక్కొక్కటిగా వెతకాలి. "లోయర్ తిరుపతి" అని కనిపిస్తే మాత్రం వదలకూడదు, అది కచ్చితంగా కింది ఊరే.

తెలుగు దినపత్రికల్లో ఆంధ్రపత్రిక 1914 నుంచి, ఆంధ్రప్రభ 1938 నుంచి మద్రాసులో అచ్చయ్యేవి. ఈనాడు తిరుపతి ఎడిషన్ 1982లో మొదలైంది. ఇంతకీ ఇక్కడ గమనించాల్సింది అచ్చయిన చోటు. మద్రాసులో అచ్చయ్యే రోజుల్లో ఊరి విలేకరి రాసింది తపాలాలో పోయి, కూర్చబడి, పేపరై రావడానికి రెండు మూడు రోజులు పట్టేది. ఉదాహరణకు మొదటి ఘాట్ రోడ్డు ప్రారంభమైంది 1944 ఏప్రిల్ 10న. 11వ తేదీ పేపరు ఒక్కటే చూసి "లేదు" అనుకుంటే పొరపాటు. కనీసం వారం పేపర్లు తిప్పాలి. పైగా అది యుద్ధకాలం. న్యూస్‌ప్రింటుకు కొరత, పేజీలు తక్కువ, ఊరి వార్తలు నాలుగు వాక్యాల్లో ముగిసేవి. ఆ సంవత్సరాలకు ప్రకటనలే దిక్కు. ఘాట్ రోడ్డుకు ముందు రెండేళ్లు, తర్వాత రెండేళ్లు ప్రకటనలు పక్కపక్కన పెట్టి చదవడం మంచి అభ్యాసం. ఏ వీధి అంగళ్లు ప్రకటనలు ఇస్తున్నాయో, కొత్త వీధి పేర్లు ఎప్పుడు మొదలయ్యాయో అందులోనే బయటపడుతుంది.

పాత తెలుగు పత్రికలు చాలా ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ ఆర్కైవులో స్కాన్లుగా ఉన్నాయి. అవి బొమ్మలే గానీ అక్షరాలు కావు, కాబట్టి పదం కొట్టి వెతికే వీలుండదు. ఆ బొమ్మల్ని ఓసీఆర్‌కు (బొమ్మలోని అక్షరాల్ని చదివే సాఫ్ట్‌వేరుకు) ఇచ్చినా సీసపు అచ్చు అరిగిపోయి, అరసున్నలు, బండి ఱలు, వలపలగిలకలు లాంటి పాత అక్షర గుర్తులు వచ్చిన చోట యంత్రం తడబడుతుంది. "దేవస్థానము", "వీథి" లాంటి పాత వర్ణక్రమం మరో అడ్డు. "వీధి" కొడితే "వీథి" రాదు. కాబట్టి ఒక నెల ఎంచుకుని పేజీ పేజీ కంటితో చూడటమే నమ్మదగ్గ దారి. ఇంగ్లీషులో ది హిందూ 1958 జనవరి దాకా మొదటి పేజీ నిండా ప్రకటనలే వేసేది. అందువల్ల ఆ కాలానికి మొదటి పేజీయే గని.

ఇక కాగితాలు. ఇళ్లల్లో, పాత అంగళ్లలో, పాత పేపర్లు కొనేవాళ్ల దగ్గర దొరికే బిల్లులు, కవర్లు, క్యాలెండర్లు, శుభలేఖలు, సత్రం రసీదులు. వీటిమీద చాలాసార్లు తేదీ ఉండదు, ఉన్నా చెరిగిపోయి ఉంటుంది. కాలం పట్టుకోవడానికి కొన్ని గుర్తులున్నాయి. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుదని మొదటి అంచనా. అప్పుడే దశాంశ నాణేలు వచ్చాయి. కానీ అణా లెక్క జనం నోట్లోనూ చిట్టాల్లోనూ ఆ తర్వాత కొన్నాళ్లు నడిచింది కాబట్టి మరో గుర్తు కూడా కావాలి. "నయా పైసలు" అని ఉంటే 1957–64 మధ్యది. "నయా" మాట 1964 జూన్‌లో పోయింది. పిన్‌కోడు అచ్చులోనే ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. వీశ, సేరు లెక్కలుంటే మెట్రిక్ తూకాలు పూర్తిగా రాకముందుది. కవరు మీద ఆరో జార్జి స్టాంపు ఉంటే 1937కు ముందుది కానేకాదు. అయితే స్టాంపు చెప్పేది "ఇంతకన్నా పాతది కాదు" అనే, అసలు తేదీ తపాలా ముద్రలో చూడాలి. పాత బిల్లుబుక్కుల్ని పారేయకుండా పైన రబ్బరు స్టాంపుతో కొత్త అడ్రసు కొట్టి వాడుకునేవాళ్లు. అలాంటప్పుడు అచ్చుకొక కాలం, రాతకొక కాలం. రెండూ విడివిడిగా రాసుకోవాలి.

శుభలేఖల సంగతి కాస్త విడమరిచి చెప్పాలి, ఎక్కువమంది తప్పేది ఇక్కడే. "శ్రీముఖ నామ సంవత్సరం" అంటే 1933 కావచ్చు, 1993 కావచ్చు. అచ్చు తీరు చూస్తేనే తెలుస్తుంది, అనుమానముంటే తిథీ వారమూ పంచాంగంతో సరిచూస్తే తేలిపోతుంది. కానీ మాఘ ఫాల్గుణాల్లో జరిగిన శ్రీముఖ పెళ్లి 1934 లెక్కలోకి వస్తుంది, 1933 కాదు. ఇంకో మెలిక తిరుపతి లాంటి ఊళ్లలో వస్తుంది. ఈ ఊళ్లో తమిళం మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. సంవత్సరాల పేర్లు అవే, కానీ వాళ్లకు ఏడాది మారేది ఏప్రిల్ మధ్యలో. ఉగాదికీ ఆ రోజుకీ మధ్య పడ్డ కార్డులో సంవత్సరం పేరు తెలుగు లెక్కకు ఒకటి వెనకుంటుంది. అది అచ్చుతప్పు అనుకుని దిద్దకూడదు.

అన్నిటికన్నా విలువైన కాగితం మాత్రం పాత క్రయదస్తావేజు. అందులోని చెక్కుబందీలో తూర్పున ఎవరి ఇల్లు, పడమర ఏ సందు, ఉత్తరాన ఏ మఠం స్థలం అని నాలుగు దిక్కులూ రాసి ఉంటాయి. పక్కపక్క ఇళ్ల దస్తావేజులు రెండు మూడు కలిస్తే వీధి ముక్క ఒకటి పటంలా లేచి నిలబడుతుంది. దేవస్థానాన్ని 1843 నుంచి 1933 దాకా హథీరాంజీ మఠం మహంతులు నడిపారు కాబట్టి ఆ కాలపు హద్దుల్లో మఠం పేరు వస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇంటి యజమానులు అసలు దస్తావేజు చేతికిస్తామన్నా తీసుకుపోకూడదు. అక్కడే ఫోటో తీసుకుని, పేర్లు బయటపెట్టకుండా హద్దులు మాత్రం వాడుకోవాలి.

ఫోటో తీయడానికి కిటికీ పక్క పగటి వెలుగు చాలు, ఫ్లాష్ వద్దు. పేపరు పల్చన కాబట్టి వెనకపేజీ అక్షరాలు ముందుకు తేలతాయి. కింద నల్ల అట్ట పెడితే అవి అణుగుతాయి. మొదటి ఫోటో పేజీ మొత్తానిది, పత్రిక పేరు, తేదీ, పేజీ నంబరు పడేలా. ఆ తర్వాతే కావలసిన ముక్క. తేదీ లేని కత్తిరింపు ఎంత అందంగా ఉన్నా సగం విలువ పోగొట్టుకున్నట్టే. స్కానర్ ఉంటే 400 డీపీఐ పెట్టండి, 300 అయితే చిన్న ప్రకటనల్లో వత్తులు అతుక్కుపోతాయి. పేపరు చిరిగిందని సెలోటేపు వేయవద్దు, దాని జిగురు కొన్నేళ్లకు గోధుమరంగు మరకై కాగితాన్ని తినేస్తుంది. లామినేషన్ అంతకన్నా చేటు, మళ్లీ విప్పడానికి ఉండదు. న్యూస్‌ప్రింటు చెక్కగుజ్జుతో చేసింది కాబట్టి ఎండా గాలీ తగిలితే పసుపెక్కి పెళుసవుతుంది. మడత విప్పి, అడ్డంగా పరచి, ఆమ్లం లేని కాగితం మధ్య పెట్టి, ఇనప బీరువాలో గోడకు ఎడంగా ఉంచాలి. ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, ఆ మూడు నెలలు పదిహేను రోజులకోసారి తీసి చూడకపోతే బూజో చెదలో పట్టినట్టే.

పాత ఫోటోల్లో ముందున్న మనుషులకన్నా వెనకున్న గోడల్ని చూడాలి. గంగజాతరలో బైరాగి వేషమో మాతంగి వేషమో తీసిన ఫోటోలో, గోవిందరాజస్వామి రథం ఫోటోలో, వెనక అంగళ్ల బోర్డులు చదవగలిగేలా ఉంటాయి. జాతర మే నెలలో జరుగుతుంది కాబట్టి కనీసం నెల తేలుతుంది, బోర్డు పేరు ప్రకటనతో కలిస్తే సంవత్సరమూ దగ్గరపడుతుంది.

పోగైనవన్నీ ఒక పట్టీలో రాయాలి. సంవత్సరం, వీధి, అంగడి పేరు, వ్యాపారం, ఎక్కడ దొరికింది. ఇంటి నంబర్లను నమ్మి చోటు గుర్తించవద్దు, అవి మారుతూ వచ్చాయి. "నాలుగు కాళ్ల మండపం దగ్గర", "కృష్ణాపురం ఠాణా ఎదురుగా" లాంటి గుర్తులు గట్టివి. "బస్టాండు దగ్గర" అంటే మాత్రం ఏ కాలపు బస్టాండో అడగాలి. ప్రకటన చెప్పేది ఆ రోజుకు ఆ అంగడి ఉందని మాత్రమే. బోర్డు మీద "స్థాపితం" అని వేసుకున్న సంవత్సరం యజమాని మాట, రుజువు కాదు. అలాగే బేరి వీధి, బండ్ల వీధి లాంటి పేర్లు చూసి కథ అల్లేయడం తేలిక. దస్తావేజులో ఆ పేరు మొదట ఎప్పుడు కనబడిందో రాయడమే నిజాయితీ.

పట్టీ చేతబట్టుకుని వీధుల్లో తిరగాల్సింది తెల్లవారి ఆరు నుంచి ఎనిమిది మధ్య, అంగళ్లు తీయకముందు. షట్టర్లు మూసి ఉంటాయి, సామాన్లు బయటికి రావు, పై మిద్దెలు అడ్డం లేకుండా కనిపిస్తాయి. కొత్త బోర్డులకు పైన, మిద్దె ముఖభాగం మీద గచ్చులో పోసిన సంవత్సరమో ఇంటిపేరో ఇంకా మిగిలి ఉంటుంది. గోవిందరాజస్వామి పుష్కరిణి దగ్గర మొదలుపెట్టి సన్నిధి వీధి, తీర్థకట్ట వీధి, బేరి వీధి చుట్టి గాంధీ రోడ్డుకు రండి. తల పైకెత్తి నడవండి, మసీదో మండపమో మలుపో వచ్చినప్పుడల్లా ఆగి పట్టీలో టిక్కు పెట్టుకోండి.