చిన్న పనికి సొంత కాంక్రీట్ పంపు

రెండు మూడు క్యూబిక్ మీటర్ల పనికి బూమ్ పంపు లారీని, అంటే పొడవాటి మడత చెయ్యితో కాంక్రీట్ అందించే బండిని, ఎవరూ పిలవరు. అద్దె గిట్టదు, పైగా ఇరుకు సందులో అది తిరగదు. దాంతో ఇంటి వెనక పునాదులు, మెట్లు, గ్యారేజ్ ఫ్లోర్లు మాలాంటి వలసొచ్చిన వాళ్ల నడుముల మీద పడతాయి. క్యూబిక్ మీటర్ కాంక్రీట్ దాదాపు 2400 కిలోలు. అరవై లీటర్లు పట్టే వీల్‌బారో నింపితే 140 కిలోలు దాటుతుంది, దాన్ని తడి పలక మీద తోసేవాడికే తెలుస్తుంది ఆ బాధ. అందుకే పాత ఇంజన్, హైడ్రాలిక్ మోటార్ దొరికితే చాలు, వెల్డింగ్ వచ్చినవాడు పంపు కడతానని కూర్చుంటాడు.

కట్టొచ్చు కూడా. నన్నడిగితే పిస్టన్ జోలికి పోవద్దు, స్క్వీజ్ పంపే నయం. డ్రమ్ములో అర్ధచంద్రాకారంగా మందపాటి రబ్బరు గొట్టం ఉంటుంది, తిరిగే రోలర్లు దాన్ని నొక్కుకుంటూ పోతాయి, టూత్‌పేస్ట్ ట్యూబు పిండినట్టు. వాల్వులు లేవు, అరిగేది గొట్టమే. ప్రెషర్ తక్కువ కాబట్టి మరీ దూరానికి, ఎత్తుకి పనికిరాదు, అది ఒప్పుకోవాలి. జంట పిస్టన్ల పంపులో చిక్కంతా వాల్వు సీలు దగ్గరే. అక్కడ కాస్త సందున్నా సిమెంట్ పాలు కారిపోయి రాళ్లు మిగులుతాయి, ఇక లైను జామే.

జామ్ అయితే అందరూ పంపుని తిడతారు గానీ చాలాసార్లు తప్పు కంకరది. పెద్ద రాయి హోస్ వ్యాసంలో మూడో వంతు దాటకూడదు, రెండంగుళాల హోస్‌కి 10 ఎంఎం చిప్స్ అయితే నిశ్చింత, ఇసుక కొంచెం ఎక్కువ. హాపర్, అంటే పంపులోకి కాంక్రీట్ పోసే తొట్టి, దాని మీద జాలీ తప్పనిసరి. పంపు మూతిని హోస్‌కి కలిపే రిడ్యూసర్ గొట్టం పొడవుగా, మెల్లగా సన్నబడాలి. ముందు సిమెంట్ పాలు పంపకుండా పొడి హోస్‌లోకి కాంక్రీట్ తోస్తే మొదట్లోనే బిగుసుకుంటుంది.

డబ్బు మిగుల్చుకోకూడనివి హోస్, దాన్ని అతికే కప్లింగ్‌లు. జామైన లైనుని రివర్స్ తిప్పి ప్రెషర్ తీయకుండా క్లాంప్ విప్పితే లోపలున్నది మొహాన కొడుతుంది. గాలి చిక్కుకుంటే హోస్ చివర పాములా లేచి మనిషిని పడేస్తుంది, స్టార్ట్ చేసేటప్పుడు అక్కడ ఎవరూ నిలబడకూడదు. సైట్లో నలుగురిది నాలుగు భాషలు, ఇంజన్ మోతలో ఏ భాషా వినపడదు. హోస్ పట్టినవాడు చెయ్యెత్తితే ఆపాలి, అంతే, ఎందుకని అడగొద్దు. ఈ మాట ఫోర్‌మన్ చెప్తాడని చూస్తే కుదరదు, పోత మొదలవకముందే మనమే ఒకరికొకరం చేత్తో చేసి చూపించుకోవాలి. పంపు దగ్గర ఎర్ర బటన్ కూడా చెయ్యి చాస్తే అందేచోట ఉండాలి, హాపర్ చుట్టూ తిరిగెళ్లి నొక్కేలా కాదు.

కడుగుడు మాత్రం ఎప్పుడూ కొత్తగా వచ్చిన కుర్రాడికే అంటగడతారు. హోస్ లోపల శుభ్రం చేసే స్పాంజ్ బంతిని నీళ్లతోనే తోయాలి, కంప్రెసర్ గాలితో తోస్తే తూటాలా వస్తుంది. సొంతంగా కట్టేవాళ్లలో చాలామంది హాపర్ అడుగున తలుపు పెట్టడం మర్చిపోతారు. అప్పుడా కుర్రాడు చీకటి పడ్డాక కూడా లోపలికి వంగి ఉలితో గీకుతూనే ఉంటాడు.