ఓడ మీద ఇంగ్లీషుకు మర్యాద అడ్డం

మా ఉద్దానం వైపు ఓడ ఉద్యోగాలకు వెళ్లే కుర్రవాళ్లు చాలామందే ఉన్నారు. వారిలో పలువురు ముందుగా స్పోకెన్ ఇంగ్లీషు సెంటర్లలో చేరుతారు, అక్కడ అందరికీ మర్యాద నేర్పుతారు. ఏదైనా కావాలంటే 'కుడ్ యూ ప్లీజ్' అనాలి, అనుమతి కావాలంటే 'మే ఐ' అనాలి. ఆఫీసులో ఇది చక్కగా పనిచేస్తుంది, ఓడ మీద పనికిరాదు.

డెక్ క్యాడెట్, అంటే ఓడ నడిపే అధికారి కాబోయేవాడి, శిక్షణకు సిద్ధమవుతున్న మా మేనల్లుడు, "మావయ్యా, 'మే ఐ' అనడం మర్యాదే కదా, ఈ పుస్తకంలో వద్దంటున్నారేమిటి?" అని అడిగాడు. ఆ పుస్తకంలో ఉన్నవి ఓడల మీద మాట్లాడుకోవడానికి అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ఆమోదించిన ప్రామాణిక ఇంగ్లీషు వాక్యాలు. 'మే' అనే మాట అనుమతినీ చెబుతుంది, 'కావచ్చు' అనే సందేహాన్నీ చెబుతుంది. గరగరలాడే రేడియోలో అవతలి ఓడవాడు, అతడు ఏ దేశస్థుడో ఏమో, ఆ రెండింటిలో ఏది విన్నాడో తెలియదు. అందుకే 'మే ఐ ఎంటర్ ద ఫెయిర్‌వే?' అనకుండా, ముందు 'క్వశ్చన్' అని పలికి, తరువాత 'డూ ఐ హావ్ పర్మిషన్ టు ఎంటర్ ద ఫెయిర్‌వే?' అని అడగాలి. ఫెయిర్‌వే అంటే ఓడలు నడిచే లోతైన దారి. అలాగే 'యూ షుడ్ యాంకర్' అనడానికి బదులు 'అడ్వైస్' అని చెప్పి, లంగరు ఎక్కడ వేయాలో సూటిగా చెప్పాలి.

మాటకు ముందు పెట్టే ఇలాంటి గుర్తులు ఎనిమిది: ఇన్‌స్ట్రక్షన్, అడ్వైస్, వార్నింగ్, ఇన్ఫర్మేషన్, క్వశ్చన్, ఆన్సర్, రిక్వెస్ట్, ఇంటెన్షన్. వీటి విలువ తెలుగువాడికి మరింత బాగా తెలియాలని నా అభిప్రాయం. మనకు ఆగు, ఆగండి, ఆగుతారా, ఆగాలి అన్నవాటిలో ఆజ్ఞ, అభ్యర్థన, ప్రశ్న, విధి అన్నీ క్రియ చివరనే తేలిపోతాయి కనుక, ఇంగ్లీషులో ఆ పని వాక్యం మొదట్లోనే జరగాలన్న సంగతి మనకు తట్టదు. మన కుర్రవాళ్లు 'షిప్ ఈజ్ రెడీ?' అని గొంతు పైకెత్తి అడుగుతారు. ఎదురుగా ఉన్నవాడికి అది ప్రశ్నే. రేడియోలో ఆ గొంతు పోతే, ఓడ సిద్ధంగా ఉందన్న సమాచారమే మిగులుతుంది.

చుక్కాని పట్టే చోట ఆజ్ఞలు ఇంకా పొట్టివి: 'మిడ్‌షిప్స్' (చుక్కాని మధ్యకు), 'పోర్ట్ ఫైవ్' (చుక్కాని ఎడమకు ఐదు డిగ్రీలు), 'స్టెడీ' (ఓడ తిరగడాన్ని త్వరగా ఆపు). చుక్కాని పట్టినవాడు ఆ మాటనే తిరిగి పలకాలి, అధికారి అది సరిగ్గా అమలయిందో లేదో చూడాలి. 'ప్లీజ్' ఎక్కడా లేదు, లేనందుకు ఎవరూ నొచ్చుకోరు.

మనవాళ్లు ఎక్కువగా జాగ్రత్తపడవలసింది జవాబు దగ్గర. 'హావ్ యూ నాట్ క్లోజ్డ్ ద వాల్వ్?' అంటే, మూయనివాడు మన అలవాటు ప్రకారం 'అవును, మూయలేదు' అనుకుని 'యెస్' అంటాడు. అడిగినవాడు మూశాడనుకుంటాడు. ఈ చిక్కు రాకుండానే కాబోలు, ప్రామాణిక వాక్యాల నియమంలో ఒట్టి 'యెస్', 'నో'లతో సరిపెట్టరు, వాటి వెంట విషయాన్ని పూర్తి వాక్యంగా చెప్పాలి. ఆజ్ఞకు జవాబైనా అంతే: 'ఐ విల్' అనో, 'ఐ కెనాట్' అనో మొదలుపెట్టి ఆజ్ఞ మొత్తాన్నీ తిరిగి చెప్పాలి. మా మేనల్లుడికి ఇప్పుడు ఈ జవాబులే ఎక్కువగా సాధన చేయిస్తున్నాను.