ముందు రంపాలు ఆగాయి, తర్వాతే మాటలు

కడప జిల్లా సిద్ధవటం వైపు పుట్టినవాళ్లకు అడవి అంటే లంకమల, పాలకొండలు. ఎర్రచందనం దుంగలు పట్టుబడ్డాయి, కూలీలు పారిపోయారు, మేస్త్రీ దొరకలేదు: చిన్నప్పటి నుంచి అడవి గురించి నేను విన్న వార్తలు ఇవే. అడవి మీద తగాదా వస్తే గొడ్డలి ఒకవైపు, తుపాకీ మరోవైపు తప్ప ఇంకేమీ ఉండదనుకునేవాణ్ణి. కెనడా పశ్చిమ తీరాన వాంకూవర్ ద్వీపంలో ఒక సామిల్లులో ఎలక్ట్రీషియన్‌గా చేరాకే వేరే దారి కూడా ఉందని తెలిసింది.

మా యార్డుకు వచ్చే దుంగల్లో నేను ఆగి చూసేది ఎర్ర దేవదారునే. ముసలి మానైతే మొదలు నా ఎత్తును మించుతుంది. కోసిన ముఖం మీద వలయాలు ఎంత ఒత్తుగా ఉంటాయంటే, గోరు పెట్టి లెక్కించబోతే వరుస తప్పిపోతుంది. వెయ్యేళ్లు దాటి బతికే జాతి అది. ఈ తీరంలో 250 ఏళ్లు దాటిన చెట్లుంటేనే పాత అడవి అంటారు. దాని వాసన కమ్మగా ఉంటుంది గానీ పొట్టు ఊపిరితిత్తుల్లోకి పోతే ఉబ్బసం పట్టుకుంటుంది, మాస్కు లేకుండా రంపం దగ్గరికి పోనివ్వరు. నా జీతం ఆ చెట్టు మీదే ఆధారపడింది. అందుకే పాత అడవిని కోయాలా వద్దా అనే తగాదాను గట్టు మీద కూర్చుని చూసే వీలు నాకు లేదు.

1993 వేసవిలో ఈ ద్వీపంలోనే క్లాక్వట్ సౌండ్ అడవులను నరకవద్దని జనం రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. 800 మందికి పైగా అరెస్టయ్యారు. మిల్లులో తలపండిన పంజాబీ కార్మికులు ఆ రోజుల గురించి ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు. వాళ్లకు అది పచ్చదనం సంగతి కాదు, ఇంటి కిస్తీ సంగతి.

అసలు నేర్చుకోవాల్సింది మాత్రం ఆ ద్వీపానికి ఉత్తరాన, గ్రేట్ బేర్ అడవిలో జరిగింది. 64 లక్షల హెక్టార్లు, అంటే విడిపోకముందటి మన కడప జిల్లాకు నాలుగింతలు. పర్యావరణ సంఘాలు ఐరోపా, అమెరికా దేశాల్లో కలప కొనేవాళ్ల దగ్గరికే వెళ్లి ఈ చెక్క కొనవద్దని ఒప్పించసాగాయి. ఆర్డర్లు పోతుంటే కంపెనీలు దిగివచ్చాయి. 2000 ప్రాంతంలో రెండు పక్షాలూ ఒక మాట మీదికి వచ్చాయి: తగాదా ఉన్న లోయల్లో కంపెనీలు కోత ఆపుతాయి, కొనుగోలుదారుల మధ్య ప్రచారాన్ని సంఘాలు ఆపుతాయి. మన పల్లె పంచాయితీలో పెద్దమనుషులు నోరు విప్పేముందు కర్రలు కింద పెట్టించినట్లే. ఎవరూ ఓడలేదు, ఎవరూ గెలవలేదు, కానీ మాట్లాడుకోవడానికి సమయం దొరికింది.

ఆ తర్వాత ఏళ్లు పట్టింది. తమ నేల మీద నిర్ణయం తమది కూడా అంటూ 26 ఆదివాసీ జాతులు ప్రభుత్వంతో సమానంగా కూర్చున్నాయి. ఆ ఊళ్లు కోత మీద కాకుండా మరో బతుకుతెరువు చూసుకోవడానికి 2007లో 12 కోట్ల డాలర్ల నిధి సమకూరింది. 2016లో తుది ఒప్పందం కుదిరింది: అడవిలో 85 శాతాన్ని ముట్టుకోరాదు, మిగతా దాంట్లో కఠినమైన నియమాలతో కోయవచ్చు.

అంతటితో అంతా సర్దుకోలేదు. 2021లో మా ద్వీపంలోనే ఫెయిరీ క్రీక్ దగ్గర మళ్లీ అడ్డగింతలు, 1,100కు పైగా అరెస్టులు. అక్కడి పచీదాట్ జాతి నాయకులు ఉద్యమకారులను వెళ్లిపొమ్మన్నారు, అదే జాతి పెద్దల్లో ఒకరు ఉద్యమకారుల పక్కన నిలబడ్డారు. మిల్లులో నాతో పనిచేసే ఆదివాసీ మిత్రుడు అన్న మాట నన్ను వదలదు: “మా అడవి కోసం కొట్లాడేవాళ్లంతా మా తలల మీదుగా మాట్లాడుతున్నారు.” ఆ ఏడాదే పచీదాట్‌తో కలిసి మూడు జాతులు తామే రెండేళ్లు కోత వాయిదా వేయమని అడిగాయి, ప్రభుత్వం ఒప్పుకుంది.

మన కొండల్లో జరిగేది అనుమతి ఉన్న కోత కాదు, దొంగతనం. ఆ తేడా నాకు తెలుసు. స్మగ్లర్లను పిలిచి కూర్చోబెట్టమని నేను అనడం లేదు. కానీ 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో కాల్పులకు బలైన 20 మంది స్మగ్లర్లు కారు, తమిళనాడు నుంచి కూలికి వచ్చినవాళ్లు. వాళ్లను పంపినవాళ్ల లెక్క ఆ చావులతో తేలలేదు. పట్టుబడిన దుంగలను ప్రభుత్వం వేలం వేసి ప్రపంచానికి అమ్ముతుంది. ఆ సొమ్ములో కొండ కింద ఊళ్లకు, మేకలు తోలుకుపోయే కుటుంబాలకు, తేనె కోసం చెట్లెక్కే యానాదులకు ఎంత వస్తోందని అడిగితే మా ఊళ్లో ఎవరూ చెప్పలేకపోయారు.

మా మామ అటవీ శాఖలో వాచర్‌గా చేసి దిగిపోయాడు. బేస్ క్యాంపుల్లో రాత్రిళ్లు గడిపిన మనిషి. కెనడా సంగతులన్నీ ఫోనులో విని, “అల్లుడూ, ఏ బాటన దుంగ దిగుతుందో మా అందరికీ తెలుసు. ఒక్క మీటింగుకూ మమ్మల్ని పిలిచింది లేదు” అన్నాడు. లంకమల మీద రేపు ఎవరైనా చర్చకు కూర్చుంటే, మొదటి కుర్చీ ఆయనలాంటి వాచర్లకు, రెండోది యానాది కాలనీకి వేయాలి. వేలం సొమ్ములో ఊళ్ల వాటా ఎంతో ఆ రోజే కాగితం మీద రాయాలి.