క్వేజార్ ఇరుగుపొరుగు

భారీ కృష్ణబిలంలోకి వాయువు పడుతుంటే మిరుమిట్లు గొలిపేలా వెలిగే గెలాక్సీ కేంద్రాలే క్వేజార్లు. వాటి గురించి పత్రికల్లో ఏ వార్త వచ్చినా, మధ్యనున్న కృష్ణబిలం సూర్యుని కంటే ఎన్ని కోట్ల రెట్లు బరువన్న దగ్గరే ఆగిపోతుంది. నాకైతే, అంత బరువెక్కడానికి మేత ఎక్కడి నుంచి వచ్చిందన్నదే అసలు ప్రశ్నగా తోస్తుంది. దానికి జవాబు వెతకవలసింది క్వేజార్ పరిసరాల్లోనే.

కన్యారాశిలోని 3సి 273 అనే క్వేజార్‌నే తీసుకుందాం. 1962లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోపుతో సిరిల్ హజార్డ్ బృందం, చంద్రుడు దానికి అడ్డం వచ్చిన సమయాలను కొలిచి దాని స్థానాన్ని కచ్చితంగా పట్టుకుంది. దాని వర్ణపటంలోని గీతలు హైడ్రోజన్‌వేననీ, అవి ఎరుపు వైపు దాదాపు 16 శాతం జరిగి ఉన్నాయనీ మరుసటి ఏడాది ఖగోళ శాస్త్రవేత్త మార్టెన్ స్మిట్ గుర్తించారు; గీతలు ఎంత ఎక్కువ జరిగితే వస్తువు అంత దూరం కనుక, అది 200 కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా దూరాన ఉన్నదని తేలింది.

యాసంగి కోత మిషన్ల దుమ్ము అణిగిన ఒక రాత్రి, దేవరకొండ దగ్గరి మా పొలం గట్టున ఎనిమిది అంగుళాల టెలిస్కోపులో దాన్ని చూశాము. పటం చేతబట్టుకుని పక్క చుక్కలతో సరిచూసుకుంటూ పోతే తప్ప ఇదీ అని చెప్పలేనంత మామూలుగా ఉంది. మా బావమరిది కన్ను ఆనించి, "ఏంది బావా, గిది చుక్కనే గదా!" అన్నాడు. అతడన్నదీ నిజమే. క్వేజార్ వెలుగు ధాటికి దాని గెలాక్సీయే మరుగున పడిపోతుంది. 1990లలో జాన్ బాకాల్ బృందం హబుల్ అంతరిక్ష టెలిస్కోపు చిత్రాల నుంచి ఆ మిరుమిట్లను తీసివేసి చూస్తే, కొన్ని దీర్ఘవృత్తాకార గెలాక్సీలు, కొన్ని సర్పిలాలు, మరికొన్ని పొరుగు గెలాక్సీతో ఢీకొంటున్నవి బయటపడ్డాయి.

వాగులన్నీ వచ్చి చెరువులో కలిసినట్టు, గెలాక్సీలు తీగలా బారులు తీరిన చోట వాయువు చేరి కృష్ణబిలాలు బలుస్తాయని ఒక వాదం. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు, విశ్వం పుట్టిన 83 కోట్ల ఏళ్లకే ఒక క్వేజార్‌తో ముడిపడి, 30 లక్షల కాంతి సంవత్సరాల పొడవున వరుసగా ఉన్న 10 గెలాక్సీలను చూపింది. అయితే తొలినాటి క్వేజార్లలో చుట్టూ పెద్దగా గుంపు కనబడనివీ ఉన్నాయి కనుక, ఈ ఒక్క చిత్రంతో వాదం గెలిచిందనడం తొందరపాటే.

పరిసరాలను చూస్తే, ఆరిపోయిన క్వేజార్ జాడ కూడా దొరుకుతుంది. 2007లో హానీ వాన్ ఆర్కెల్ అనే డచ్ బడిపంతులమ్మ, గెలాక్సీ జూ అనే ప్రజాభాగస్వామ్య పథకం కోసం చిత్రాలను పరిశీలిస్తూ, ఐసి 2497 గెలాక్సీ పక్కన ఒక వింత మేఘాన్ని గమనించారు. అందులోని ఆక్సిజన్ వల్ల అది ఆకుపచ్చగా మెరుస్తోంది. అంతగా మెరిపించే శక్తి ఆ గెలాక్సీ కేంద్రంలో ఇప్పుడు కనబడదు. ఒకప్పుడు అక్కడ వెలిగిన క్వేజార్ కాంతి మేఘాన్ని తాకి, అక్కడి నుంచి చుట్టుదారిన మనల్ని చేరుతోంది. నేరుగా వచ్చే కాంతి కంటే అది ఎంత ఆలస్యంగా వస్తోందో లెక్కగట్టి, ఆ క్వేజార్ గత 2 లక్షల ఏళ్ల లోపే చల్లబడిందని అంచనా వేశారు.