గీజర్ నీళ్లు సరిగా కాగట్లేదా? థర్మోస్టాట్ కొనే ముందు ఇవి చూడండి

నాబ్ చివరిదాకా తిప్పి అరగంట ఆగినా నీళ్లు గోరువెచ్చగానే వస్తుంటే, ఎవరిని అడిగినా "థర్మోస్టాట్ పోయిందండీ, మార్చేద్దాం" అంటారు. థర్మోస్టాట్ అంటే నీళ్లు కావలసినంత కాగాక కరెంటు ఆపేది. ఒక్కోసారి వాళ్ల మాట నిజమే. కానీ మార్చాక కూడా అవే గోరువెచ్చని నీళ్లు వచ్చే ఇళ్లు చాలానే ఉంటాయి, ఎందుకంటే లోపం అసలు అక్కడ లేదు. తేల్చుకోవడానికి మొదట కావలసినవి ఒక థర్మామీటరు, ఒక గడియారం. స్క్రూడ్రైవర్ పని తరవాతే.

గీజర్‌కి ఎంత సమయం పట్టాలో లెక్క సులువే. లీటర్లని పెరగాల్సిన డిగ్రీలతో గుణించి, వచ్చినదాన్ని 14తో, మళ్లీ కిలోవాట్లతో భాగిస్తే నిమిషాలు వస్తాయి. చలికాలం ఉదయం మేడమీద ట్యాంకు నీళ్లు 22 డిగ్రీలున్నాయి, 60 కావాలి అనుకుందాం. పెరగాల్సింది 38. గీజర్ 15 లీటర్లది, నీళ్లు కాచే కాయిల్ 2 కిలోవాట్లది అయితే 20 నిమిషాల పైన కొంచెం. 25 లీటర్లదైతే 34 నిమిషాలు. వేడి కొంత బయటికి పోతుంది కాబట్టి ఇంకో రెండు మూడు నిమిషాలు కలుపుకోండి. 25 లీటర్ల గీజర్ వేసి పావుగంటకే కాగలేదంటే అది లోపం కాదు, లెక్క అంతే.

ఇప్పుడు కొలవండి. గీజర్‌లో చన్నీళ్లు నిండేలా ఒక బకెట్ వదిలేసి, స్విచ్ వేసి, హీటింగ్ లైటు ఎన్ని నిమిషాలకు ఆరుతుందో రాసుకోండి. ఆరిన వెంటనే వేడినీళ్ల కుళాయి మాత్రమే తిప్పండి. మొదటి మగ్గు పైపులో చల్లారిన నీళ్లు, అది పారబోయండి. రెండో మగ్గులో థర్మామీటరు పెట్టి చూడండి. జ్వరం చూసేది పనికిరాదు, అది 42 దగ్గరే ఆగిపోతుంది. వంటింట్లో వాడే డిజిటల్‌ది, లేదా 100 డిగ్రీల దాకా చూపే గాజుది కావాలి. ఆ తరవాత ప్రతి రెండు లీటర్లకీ ఒకసారి కొలుస్తూ పోండి. ఈ పది నిమిషాల పని మీకు సగం జవాబు చెప్పేస్తుంది.

రెండో మగ్గు 55, 60 డిగ్రీలుండి, మూడు నాలుగు లీటర్లకే గోరువెచ్చగా మారిపోతే థర్మోస్టాట్ తన పని తాను చేసింది. దాన్ని ముట్టుకోవద్దు. నీళ్లు కాగాయి, దారిలో చన్నీళ్లు కలుస్తున్నాయి. నా అంచనాలో ఎక్కువమంది పట్టించుకోనిది ఇదే, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

ముందు మిక్సర్, అంటే వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపే కుళాయి, చూడండి. గీజర్‌కి చన్నీళ్లు వెళ్లే స్టాప్ కాక్ పూర్తిగా మూసి, వేడినీళ్ల కుళాయి ఒక్కటే తిప్పండి. ధార కొన్ని క్షణాల్లో ఆగిపోవాలి. ఆగకుండా వస్తూనే ఉంటే, ఆ నీళ్లు గీజర్‌ నుంచి వచ్చేవి కావు. మిక్సర్ లోపల చన్నీళ్ల లైను వేడినీళ్ల లైనులోకి తోస్తోంది. వాల్ మిక్సర్‌లో స్పిండిల్ వాషర్లు అరిగినా, సింగిల్ లివర్‌లో కార్ట్రిడ్జ్ పాడైనా ఇలా అవుతుంది. హ్యాండ్ షవర్‌కి చివర బటన్ ఉండి, వెనకాల రెండు కుళాయిలూ తెరిచి వదిలేసినా ఇదే జరుగుతుంది. ఇది ప్లంబర్ పని.

మిక్సర్ బాగానే ఉంటే, గోడకు నిలువుగా పెట్టే గీజర్లలో అనుమానించాల్సింది లోపలి అవుట్‌లెట్ గొట్టాన్ని. రెండు పైపులూ కిందనే ఉన్నా, వేడి నీళ్లు తేలికై పైకి చేరతాయి కాబట్టి అవుట్‌లెట్ నుంచి ఒక గొట్టం ట్యాంకు పైకప్పు దాకా వెళ్లి అక్కడి నీళ్లు తీసుకుంటుంది. ఆ గొట్టం మొదట్లో విరిగితే, అప్పుడే లోపలికొచ్చిన చన్నీళ్లే నేరుగా బయటికొచ్చేస్తాయి. పైన ట్యాంకు నిండా వేడి నీళ్లుంటాయి, మీ బకెట్లోకి మాత్రం రావు. ఇల్లు మారినప్పుడు గీజర్ విప్పి మళ్లీ బిగించాక సమస్య మొదలైతే పైపులు తారుమారయ్యాయేమో చూడండి. నీలం రింగు చన్నీళ్లకి, ఎరుపు వేడినీళ్లకి. బాగున్న 15 లీటర్ల నిలువు గీజర్ సుమారు 10 లీటర్ల దాకా వేడి పెద్దగా పడిపోకుండా ఇవ్వాలి. అడ్డంగా పెట్టేవి ఇంకొంచెం తక్కువిస్తాయి.

రెండో రకం: లైటు గంటైనా ఆరదు, నీళ్లూ కాగవు. థర్మోస్టాట్ కరెంటు ఆపట్లేదు కాబట్టి తప్పు దానిది కాదు. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి: చాలా గీజర్లలో ఆ లైటు థర్మోస్టాట్ దాటాక ఉంటుంది, కాయిల్ తెగిపోయినా వెలుగుతూనే ఉంటుంది. కరెంటు నిజంగా లాగుతోందా అన్నది తెలియాలంటే వైరు చుట్టూ పట్టించి ఆంపియర్లు చూసే క్లాంప్ మీటరు పెట్టాలి. 230 వోల్టుల దగ్గర 2 కిలోవాట్ల కాయిల్ 8.7 ఆంపియర్లు లాగాలి. క్లాంప్ మీటరు లేకపోతే ఇంట్లో ఫ్రిజ్, ఇన్వర్టర్‌తో సహా అన్నీ ఆపి, గీజర్ ఒక్కటే వేసి కరెంటు మీటరు చూడండి. పదిహేను నిమిషాల్లో అర యూనిట్ తిరగాలి. అసలు కదలకపోతే కాయిల్ తెగింది. మూడో వంతు యూనిట్ దగ్గరే ఉంటే వోల్టేజి తక్కువ: 190 వోల్టుల దగ్గర 2 కిలోవాట్ల కాయిల్ 1,365 వాట్లే ఇస్తుంది. ఇరవై నిమిషాల పని అరగంట పడుతుందన్నమాట. రీడింగ్ సరిగ్గా ఉండి కూడా నీళ్లు కాగకపోతే వేడి నీళ్లు ఎక్కడో కారిపోతున్నాయి. సేఫ్టీ వాల్వ్ గొట్టం వేడిగా ఉందేమో పట్టుకుని చూడండి.

విశాఖలో బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ, రుషికొండ వైపు ఇళ్లలో ఉప్పుగాలి చేసే పని వేరే ఉంటుంది. ఇత్తడి టెర్మినళ్ల మీద ఆకుపచ్చగా చిలుము పడుతుంది, స్క్రూ బిగుతుగా కనిపిస్తుంది గానీ లోపల అంటు సరిగా ఉండదు. అక్కడ ఒక్క ఓము అడ్డుపడినా 70 వాట్ల వేడి ఆ చిన్న చోటే పుడుతుంది. నీళ్ల వేడి పెద్దగా తగ్గదు గానీ ప్లగ్గు కాళ్లు నల్లబడతాయి, వైరు తొడుగు పెళుసెక్కి విరుగుతుంది, కొన్నాళ్లకి కరెంటు వస్తూ పోతూ ఉంటుంది. అలాంటి కనెక్షన్‌ని గీకి మళ్లీ బిగించడం నాకు నచ్చదు. కాలిన వైరు చివర కత్తిరించి కొత్త లగ్ (వైరు చివర బిగించే లోహపు ముక్క) వేయించండి, 16 ఆంపియర్ల సాకెట్ కూడా నల్లబడితే మార్చేయండి.

ఇక మూడో రకం, థర్మోస్టాట్‌ని నిజంగా అనుమానించాల్సింది. లైటు ఏడెనిమిది నిమిషాలకే ఆరిపోతుంది, రెండో మగ్గు 40 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఇక్కడా తొందరపడొద్దు, ఆరాక ఏం జరుగుతుందో చూడండి. నీళ్లు వాడకుండానే కాసేపటికి మళ్లీ వెలిగి, మళ్లీ ఆరి, అలా కొట్టుకుంటుంటే కాయిల్‌కి గార (నీళ్లలోని లవణాలు గట్టిపడిన పొర) పట్టింది. ఒకసారి ఆరి చాలాసేపు ఆరే ఉంటే థర్మోస్టాట్ సెట్టింగే కిందికి జారింది.

కవర్ తీసే ముందు ఎంసీబీ దించండి, ప్లగ్గు పీకండి, అయినా టెస్టర్ రెండు టెర్మినళ్ల మీదా పెట్టి చూడండి. స్విచ్ న్యూట్రల్ వైపు పడిన ఇళ్లలో స్విచ్ ఆపినా ఫేజ్ లోపల ఉంటుంది. కవర్ తీశాక మొదట నాబ్ చూడండి. థర్మోస్టాట్ కడ్డీ ఒక పక్క చదునుగా ఉంటుంది. నాబ్ లోపలి ప్లాస్టిక్ అరిగితే నాబ్ తిరుగుతుంది గానీ కడ్డీ తిరగదు. కడ్డీని పకడుతో మెల్లిగా తిప్పి చూస్తే తెలిసిపోతుంది. తరవాత థర్మోస్టాట్ కాడ, లేదా తీగ చివర ఉండే రాగి బల్బు, తన గొట్టంలో చివరిదాకా దిగిందో లేదో చూడండి. పొట్టి కాడ ఉన్నది పెడితే అది కాయిల్ మొదలు దగ్గర వేడినే చూస్తుంది, ట్యాంకు వేడిని కాదు.

థర్మోస్టాట్‌ని బయటికి తీసి పరీక్షించడం కష్టమేమీ కాదు. గిన్నెలో నీళ్లు స్టవ్ మీద సన్నటి సెగన పెట్టి, కాడని గిన్నె అడుగు తగలకుండా ముంచండి, టెర్మినళ్లు నీళ్లకి పైనే ఉండాలి. మల్టీమీటరు బజర్ మీద పెట్టి రెండు టెర్మినళ్లకి తగిలించండి. గరిటెతో నీళ్లు కలియతిప్పుతూ థర్మామీటరు చూడండి. టిక్కుమని బజర్ ఆగిన డిగ్రీ రాసుకోండి, నీళ్లు చల్లారుతుంటే మళ్లీ మోగిన డిగ్రీ కూడా. నాబ్ పూర్తిగా తిప్పి ఉండగా 60 దాటే దాకా మోగితే అది మంచిదే. 45కే ఆగిపోతే మార్చాలి. మార్చేటప్పుడు పాతదాన్ని చేత్తో పట్టుకుని షాపుకి వెళ్లండి: కాడ పొడవు, ఆంపియర్లు, గరిష్ఠ డిగ్రీ, కటౌట్ (నీళ్లు మితిమీరి కాగితే కరెంటు ఆపేది) దానిలోనే ఉందా వేరే ఉందా, నాలుగూ కలవాలి. థర్మోస్టాట్‌ని తప్పించి నేరుగా వైరు కలిపి "ప్రస్తుతానికి నడుస్తుంది" అనేవాళ్ల మాట దయచేసి వినకండి. ఆపేది లేకపోతే నీళ్లు మరిగి ఆవిరై ట్యాంకు మీద ఒత్తిడి పెరుగుతుంది. కటౌట్ ఎర్ర బటన్ కూడా అంతే. ఒకసారి నొక్కి చూడొచ్చు, మళ్లీ పడిందంటే కారణం వెతకాలి.

గార సంగతి. మేఘాద్రిగెడ్డ, రైవాడ లాంటి రిజర్వాయర్ల నుంచి వచ్చే నీళ్లే వాడే ఇళ్లలో ఇది నెమ్మదిగా పడుతుంది. బోరు మీదా ట్యాంకర్ల మీదా నడిచే అపార్ట్‌మెంట్లలో త్వరగా పడుతుంది. విప్పి చూస్తే కాయిల్ మీద కోడిగుడ్డు పెంకుల్లా పొర మీద పొర, మడతల దగ్గర గట్టిగా రాయిలా, పక్కనున్న థర్మోస్టాట్ గొట్టాన్ని కూడా కలిపి పట్టేసి కనిపిస్తుంది. కాయిల్ వేడి నీళ్లలోకి పోకముందే ఆ రాయి గుండా గొట్టానికి చేరుతుంది, థర్మోస్టాట్ నీళ్లు కాగాయనుకుని ఆపేస్తుంది.

తీయడానికి లీటరు గోరువెచ్చని నీళ్లకి 50 గ్రాముల నిమ్మఉప్పు చాలు. టెర్మినళ్లు తడవకుండా కాయిల్ ముంచితే బుడగలు వస్తాయి. రెండు గంటల తరవాత చాలావరకు చెక్కలుగా ఊడిపోతుంది. మిగిలింది చెక్కతో గీకండి, ఇనుముతో వద్దు. బాత్రూం కడిగే యాసిడ్ అసలే వద్దు, రాగిని తినేస్తుంది. పనిలో పనిగా మెగ్నీషియం యానోడ్ కడ్డీ చూడండి. పెన్సిల్ కంటే సన్నబడితే కొత్తది వేయాలి, లేకపోతే తరవాత తుప్పు తినేది ట్యాంకునే.

బిగించేటప్పుడు గ్యాస్కెట్ కొత్తదే వేయండి, నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. వేడినీళ్ల కుళాయి తిప్పి ఉంచి, స్టాప్ కాక్ తెరిచి, గాలి పోయి ధార నిండుగా వచ్చే దాకా స్విచ్ ముట్టుకోవద్దు. నీళ్లు లేని కాయిల్ నిమిషాల్లో కాలిపోతుంది. తరవాత మళ్లీ కొలిచి, ట్యాంకు నీళ్ల డిగ్రీ, లైటు ఆరిన నిమిషాలు, రెండో మగ్గు డిగ్రీ, తేదీతో సహా కవర్ లోపలి వైపు మార్కర్‌తో రాసి పెట్టండి. వచ్చే డిసెంబరులో పోల్చి చూసుకోవడానికి ఆ నాలుగు అంకెలు చాలు.